తుంటిలో దాటుమందు

జొహానెస్‌బర్గ్, హాస్టల్
7 ఆగస్టు 2016

అత్తా,

జోబే వంశపు ఆడపడుచుకు అన్నకొడుకు దూమెజ్వేని నమస్కారం. నేను ప్రాణాలతో ఉన్నాను, నీ సంగతి వినాలి. మేకలు, కోళ్ళు, నీ తిట్లు అన్నీ క్షేమమని తలుస్తాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. అక్కడ సిగ్నల్ కావాలంటే నువ్వు కొండెక్కాలి. నీ కాలితో ఎక్కలేవు, ఎక్కినా ఇది కొండమీద నిలబడి అరిచే విషయం కాదు. అందుకే ఇక్కణ్ణించి మన ఊరికి టాక్సీ నడిపే షేజీ చేత కాగితం పంపుతున్నాను.

నా కుడి పిర్ర కింద, కూర్చుంటే నేలకు తగిలే ఎముక దగ్గర, నొప్పి పట్టుకుంది. ఈస్టర్‌కు ఊరొచ్చి, కాలు తలపైకి ఎత్తి నేలను తన్నే మన చిందాట ఆడాను కదా, ఆ ఆట తర్వాత మొదలైంది. కాపలాగాడి ఉద్యోగమంటే కూర్చునే ఉద్యోగమే కదా. నేనేమో గేటు దగ్గర గదిలో ఒక పిర్ర మీద ఒరిగి కూర్చుంటున్నాను. తోటివాడు చూసి, "ఏంట్రా, గుడ్డు పెడుతున్నావా?" అన్నాడు. నవ్వాను గానీ, ఆ నవ్వుకు కూడా కింద కలుక్కుమంది.

నువ్వు నేర్పినట్టే రోజూ పొద్దున్నే మడమ గోడకు ఆనించి, ముక్కు మోకాలికి తగిలేదాకా వంగుతున్నాను. వంగినకొద్దీ ఎక్కువవుతోంది. కారణం నాకు తట్టడం లేదు. ఆ రోజు ఏ లోటూ జరగలేదు. దుమ్ము లేవకుండా పొద్దున్న మా కుర్రాళ్ళే నేల తడిపారు. ముందు అవతలి ఒడ్డు మండ్లకాయీసె జట్టు ఆడింది, తర్వాత మేం దిగాం. ఆట అయ్యాక వాడే వచ్చి చెయ్యి కలిపి, "నీ కాలు ఆకాశాన్ని తన్నిందిరా" అన్నాడు. మంచివాడే అత్తా.

క్రిస్మస్ మర్నాడు ఏటి ఒడ్డున మనకూ వాళ్ళకూ పోటీ. పాదం తల దాటి లేవని నాయకుడి వెనక ఏ జట్టు ఆడుతుంది? నాన్న తర్వాత జట్టును నడిపే ఈల నా మెడలో పడింది. ఇప్పుడు ఇంకొకడి మెడలో వెయ్యాలంటే నా వల్ల కాదు. నీ తైలం ఏదైనా ఉంటే పంపు.

నీ దూమే

*

మన ఇల్లు, ఏటి ఇవతల
19 ఆగస్టు

ఒరేయ్ దూమే,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు జలదరించింది.

మంచివాడట! నీ అమాయకత్వానికి మేకలు కూడా నవ్వుతాయి. వాళ్ళు ముందు ఆడారు, మీరు తర్వాత ఆ మట్టిమీదే అడుగుపెట్టారు. అడుగుపెట్టినవాడికి కాలు పోయింది. ఇంతకన్నా ఏం రాయాలిరా నువ్వు? ఇది దాటుమందు. నేలమీద పొడి చల్లి, పేరు పలికి పోతారు. వెయ్యిమంది దాటినా ఏం కాదు, ఎవడి పేరు పలికారో వాడి కాలే పట్టుకుంటుంది. మా మేనమామ ఇలాగే ఏడాది తిరక్కుండా కర్ర పట్టాడు.

ఇంకో మాట. ఆ మండ్లకాయీసె జూన్‌లో, చలి మొదలవగానే సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు గుమ్మం దాటి బయటికి రావడం లేదు. సంతకు రాడు, సారా కొట్టుకు రాడు, పశువులను తోలుకుని ఏటికి రాడు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో ఎందుకు కూర్చున్నాడంటావు? జీబూసె బాబాయితో ఈ సంగతి చెప్పాను. ఆయన ముక్కుపొడి డబ్బా మూసేసి లేచి నిలబడ్డాడు. అది మంచి లక్షణం కాదని నీకు తెలుసు.

మన నాటువైద్యుడిచ్చిన మందునీళ్ళు షేజీ చేత పంపుతున్నాను. నడుము కింద నుంచి పాదం దాకా కడుక్కో. ఆసుపత్రికి మాత్రం పోకు. దాటుమందు ఉన్న ఒంట్లో సూది పడితే మనిషి దక్కడు.

కాలు గోడకు ఆనించడం మానకు. మొక్కై వంగనిది మానై వంగదని నీ చిన్నప్పుడు నీకు చెప్పింది నేనే.

మీ అత్త బాజబులీలె

*

జొహానెస్‌బర్గ్
11 సెప్టెంబరు

అత్తా,

నమస్కారం. నేను ప్రాణాలతో ఉన్నాను, నీ సంగతి వినాలి.

మందునీళ్ళతో కడుక్కున్నాను. వాసనకు గదిలో వాళ్ళంతా బయట పడుకున్నారు. నొప్పి మాత్రం లోపలే పడుకుంది.

తిట్టకు, ఆసుపత్రికి పోయాను. నిలబడి కాపలా కాస్తున్నానని మా పైవాడు రాసి ఇచ్చి పంపాడు. సూది వెయ్యలేదు, ఒట్టు. వ్యాయామాలతో నయం చేసే మొదీసె అని ఒకావిడ చూసింది. నేను వెనక నొప్పి అంటే ఆవిడ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు పట్టుకుని రొమ్ము వైపు నొక్కి, కొంచెం లోపలికి తిప్పింది. తొడ మొదట్లో, ముందు వైపు, తలుపు సందులో వేలు పడ్డట్టయింది. కేకేశాను.

"ఇక్కడా?" అంది.

"అమ్మా, నాకు నొప్పి వెనక."

"తెలుసు. నొప్పి వెనకుంది, గొడవ ముందుంది."

తర్వాత ఎక్స్‌రే తీశారు. అత్తా, నా ఎముకను నేను చూశాను. నల్లటి రేకులో తెల్లగా, నిప్పు ఆరాక మిగిలే బూడిద రంగులో ఉంది. ఇన్నేళ్ళు నన్ను మోసినదాన్ని మొదటిసారి ఎదురుగా చూస్తూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

తుంటి అంటే గిన్నెలో తిరిగే బంతి అట. నా బంతి గుండ్రంగా లేదు, మెడ దగ్గర ఒక బొడిపె ఉంది. కాలు పైకి లేపితే ఆ బొడిపె గిన్నె అంచుకు తగిలి ఆగిపోతుంది. బంతి ఆగినా నేను ఆగను కదా. పాదం తల దాటాలి. ఆ మిగతా ఎత్తు కోసం నడుము వంగుతుంది, తొడ వెనక కండ సాగుతుంది. ఆ కండను కూర్చునే ఎముకకు కట్టే తాడు ఒకటుంది, దాని మీద ఆ భారమంతా పడుతుంది. కాలు కిందికి కొట్టేటప్పుడు పిర్ర కండ చెయ్యాల్సిన పని కూడా అదే చేస్తుంది. పీచు పీచుగా నలిగిందట. పైగా నేను రోజూ గోడకు ఆనించి దాన్నే ఇంకా లాగుతున్నాను. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని వైద్యులు కూడా ఈమధ్యే గట్టిగా అనుకుంటున్నారట, అందరిలోనూ ఇలాగే జరుగుతుందని మాత్రం ఆవిడ చెప్పలేదు.

బొడిపె ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చేవారం చెబుతానంది.

నీ దూమే

*

మన ఇల్లు
20 సెప్టెంబరు

దూమే,

బొడిపె! నువ్వే రాశావు, నీ చేత్తో రాశావు. పుట్టినప్పుడు నిన్ను ఒళ్ళో వేసుకుని నూనె రాసినదాన్ని నేను. అప్పుడు నీ తుంటిలో ఏ బొడిపే లేదు. మధ్యలో వచ్చిందంటే ఎవరో పెట్టారన్నమాట. ఎముకలో పెట్టారంటే ఎంత పెద్ద మందో చూడు! వైద్యుడికి చెబితే, ఇంత లోతుకు దిగిన మందును తానెప్పుడూ చూడలేదన్నాడు.

నీ ఉత్తరం జీబూసె బాబాయికి చదివి వినిపించాను. ఆయన మగవాళ్ళందరికీ వినిపించాడు. మనవాళ్ళు ఏటి రేవులో అవతలి ఒడ్డు ఎమ్‌బాంగ్వేని ఊరివాళ్ళతో మాట్లాడటం మానేశారు. పిడుదులు పోవాలని పశువులను ముంచే తొట్టి దగ్గర మనకొక పూట, వాళ్ళకొక పూట. కుర్రాళ్ళు అడవిలో కర్రలు కొడుతున్నారు. పొయ్యిలోకి కాదు.

ఇంతకీ ఆ మొదీసె ఎవరు? పేరు మనవాళ్ళది కాదు, సూతో జాతి పిల్లా, త్స్వానా జాతి పిల్లా? పెళ్ళయిందా? తొడ పట్టుకోగానే నీకు వెనక నొప్పి ముందుకు వచ్చిందంటే నాకు వేరే అనుమానాలు వస్తున్నాయి. నొప్పి సంగతి మా వైద్యుడు చూసుకుంటాడు, నువ్వు కళ్ళు నేలకు దించుకో.

మీ అత్త

*

జొహానెస్‌బర్గ్
28 సెప్టెంబరు

అత్తా,

నమస్కారాలు తర్వాత. ముందు జీబూసె బాబాయిని ఆపు. కర్రలు దింపించు.

బొడిపె ఎవరూ పెట్టింది కాదు. పెరిగింది. మొదీసె గారికి పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు, నా తొడ మీద ఆవిడకు ఏ ఆశా లేదు. ఆవిడ అడిగింది: "ఏ వయసులో ఆట మొదలుపెట్టావు?" పాలపళ్ళు ఊడకముందే అన్నాను. "రోజూనా?" రోజూ, మేకలు మేస్తున్నంతసేపూ అన్నాను. "ఎవరు నేర్పారు?" మా అత్త అన్నాను. ఏటి ఇసుకలో నువ్వు చప్పట్లు కొడుతూ, 'అరికాలు ఆకాశానికి చూపించు' అని అరిచేదానివి కదా, అది చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి, "అదీ సంగతి" అంది. ఎదిగే వయసులో తుంటిని అంత గట్టిగా, అన్నిసార్లు వాడితే కొందరిలో ఎముక అక్కడ దళసరిగా పెరుగుతుందట.

అంటే అది మండ్లకాయీసె పని కాదత్తా. నువ్వూ నేనూ కలిసి చేసుకున్న ఎముక. మగవాళ్ళకు అలాగే చెప్పు. నమ్మకపోతే చూపించడానికి ఎక్స్‌రే రేకే పంపుతున్నాను. షేజీని దానిమీద కూర్చోవద్దని చెప్పాను.

దూమే

*

మన ఇల్లు
6 అక్టోబరు

శ్రీ దూమెజ్వేని గారికి,

రేకు అందింది. మంచం కింద పెట్టాను.

మీ కాలికి మందు పెట్టింది మీ అత్తే అని తెలిసి సంతోషం. తల్లి లేని పిల్లాడని వీపున కట్టుకుని తిరిగినందుకు, నా వంతు ఆవుపాలు పుల్లబెట్టి నీకు పోసి నేను ఒట్టి ముద్ద తిన్నందుకు, నా తుంటి అరిగేదాకా ఇసుకలో నీతో ఎగిరినందుకు మంచి పేరే ఇచ్చారు. మగవాళ్ళు "ఎవరు చేశారు?" అని అడుగుతున్నారు. నేనే చేశానని వాళ్ళ ముందు నిలబడి చెప్పమంటారా? మన దేశంలో ఆ మాట చెప్పి మంత్రగత్తె అనిపించుకున్న ముసలిదాని ఇంటి కప్పు ఎన్నాళ్ళు కాలకుండా ఉంటుందో మీకు తెలియదా?

చెప్పలేదు. వాళ్ళు ఈ నెలాఖరు శనివారం ఏరు దాటుతారట. నాకేం సంబంధం.

బాజబులీలె

*

జొహానెస్‌బర్గ్
14 అక్టోబరు

అత్తా, మా అమ్మా,

నీ ఉత్తరం చదివి గేటు తియ్యడం మర్చిపోయాను. లారీవాడు హారన్ కొట్టీ కొట్టీ దిగివచ్చి నా మొహం చూసి, "ఎవరు పోయారు?" అన్నాడు. ఎవరూ పోలేదు, మా అత్తను ఏడిపించాను అన్నాను.

తప్పుగా రాశాను. కంగారులో సగమే రాశాను, మిగతా సగం వినిపించుకో.

నేను మొదీసె గారిని అడిగాను, "మా అత్త నన్ను పాడుచేసిందా?" అని. ఆవిడకు కోపం వచ్చింది. "నేనలా అన్నానా? ఆ ఎముక ఎంత విందో చూడు" అంది. పిల్లల ఎముక రాయి కాదట అత్తా. కొసల్లో ఇంకా మెత్తగా ఉండి, మనం ఏం అడుగుతామో దానికి తగ్గట్టు తనను తాను కట్టుకుంటుందట. నువ్వు చప్పట్లు కొట్టావు, నేను తన్నాను, ఆ రెండూ విని లోపల, చీకట్లో, ఎవరూ చూడనిచోట నా తుంటి తనకు తోచినట్టు బలం పోసుకుంది. 'వీడు ఇక్కడే కొడుతున్నాడు, ఇక్కడే దళసరి కావాలి' అనుకుంది. కొంచెం ఎక్కువే పోసుకుంది, అంతే. ఆ మాట వింటే నాకు భయం లాంటిది వేసింది. భయం కాదు, నాన్న సమాధి దగ్గర మౌనంగా నిలబడ్డప్పుడు వస్తుందే, అది. పాట అయిపోయింది, ఇసుకను ఏరు ఎప్పుడో కడిగేసింది, నీ గొంతు కూడా మారిపోయింది. అదంతా నా ఎముకలో మాత్రం ఉంది. మొక్కై వంగనిది మానై వంగదన్నావు. నా ఎముక మొక్కగా ఉన్నప్పుడే వంగింది.

కోత అవసరం రాకపోవచ్చంటోంది. గోడకు ఆనించడం మానేసి, పిర్ర కండకు బలం తెచ్చుకుంటూ, కాలు తుంటి ఒప్పుకున్న ఎత్తుకే లేపాలి. నెలలు పడుతుంది. ఇప్పటికే కుర్చీలో కాసేపు రెండు పిర్రల మీదా కూర్చుంటున్నాను. గుడ్డు పొదగడం అయిపోయిందా అంటున్నాడు తోటివాడు.

అత్తా, నాకు సెలవు ఇవ్వలేదు. మగవాళ్ళు మగవాళ్ళ మాట వినరు. కర్ర లేకుండా మండ్లకాయీసె గుమ్మం ముందు నిలబడగలిగింది ఇంటి ఆడపడుచు ఒక్కతే. నా పేరు మీద ఒకడి తల పగిలితే ఈ కాలు బాగుపడి ఏం ప్రయోజనం? దానితో నేను ఏ నేల తొక్కను?

నీ కొడుకు దూమే

*

మన ఇల్లు
13 నవంబరు

ఒరేయ్ దూమే,

నేను ప్రాణాలతో ఉన్నాను, నీ సంగతి వినాలి. ముందు నా సంగతి విను. ఇది పెద్ద ఉత్తరం, రెండు పిర్రల మీద కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివి అలిగే ఉన్నాను. ఎముక విందన్న చోట మాత్రం అలక నిలవలేదు. ఆ శనివారానికి ముందు గురువారం, తలకు గుడ్డ చుట్టుకుని, నీ రేకు చంకలో పెట్టుకుని ఏరు దాటాను. వాళ్ళ గుమ్మం బయట నిలబడి వాళ్ళ వంశపు బిరుదు పేరు పెట్టి పిలిచాను, "బోమ్వూ! బోమ్వూ!" అని. చాలాసేపు కుక్కలే పలికాయి. చివరికి మండ్లకాయీసె తల్లి మాజోండీ వచ్చింది, చేతిలో చీపురు.

"చూసి పోదామని వచ్చావా?" అంది. "మీవాడు పెట్టిన మందు మావాడికి ఎంతదాకా పాకిందో కొలుచుకుపోదామని వచ్చావా?"

"మావాడా? మీవాడు పెట్టాడని కదా మావాళ్ళు కర్రలు కొడుతున్నది!"

"చాల్లే! ఈస్టర్ నాడు పొద్దున్నే నేల తడిపింది ఎవరే? మీ కుర్రాళ్ళే కదా! ఆ నీళ్ళలో ఏం కలిపారో! ముందు దిగింది నా కొడుకు. ఆ రోజు నుంచి వాడు కూర్చుంటే ఒట్టు."

నేను ఆవిణ్ణి పక్కకు నెట్టి లోపలికి పోయాను. మండ్లకాయీసె మేకతోలు మీద, ఎడమ పిర్ర మీద ఒరిగి, గోడ పట్టుకుని కూర్చుని ఉన్నాడురా. గుడ్డు పెడుతున్నట్టు. సంతకు రాలేదంటే, ఏటికి రాలేదంటే నేను ఏమేమో అనుకున్నాను. నడవలేక రాలేదు.

"నాయనా, పడుకో," అన్నాను. మొదీసె చేసినట్టే మోకాలు పట్టుకుని రొమ్ముకు నొక్కి, కొంచెం లోపలికి తిప్పాను. ముందు వైపు చెయ్యి పెట్టుకుని కేకేశాడు.

"నీకు ఆట ఎవరు నేర్పారు?"

"అమ్మే," అన్నాడు.

మాజోండీ చేతిలో చీపురు కింద పడింది. నేనూ ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఒడ్డున ఆవిడ చప్పట్లు కొట్టింది, ఈ ఒడ్డున నేను కొట్టాను. ఒకరి చప్పుడు ఒకరికి వినపడుతుంటే పోటీకి ఇంకా గట్టిగా కొట్టేవాళ్ళం. ఇద్దరు పిల్లల ఎముకలు విన్నాయి.

మర్నాడు షేజీ టాక్సీలో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా వాడు సీటు మీద కాకుండా మా ఇద్దరి మీద వాలాడు. రేకు తీశారు. నీదీ వాడిదీ పక్కపక్కన కిటికీకి ఆనించి, పేర్లున్న మూలలు బొటనవేళ్ళతో మూసి చూశాను. అదే గిన్నె, అదే బంతి, అదే బొడిపె. నిన్ను ఒళ్ళో పెట్టుకుని నూనె రాసినదాన్ని, నిన్ను గుర్తుపట్టలేకపోయాను. కింద నేలమీదే కూర్చుండిపోయాను.

శనివారం మనవాళ్ళు రేవు దాకా వచ్చారు, కర్రలతో. అవతలివాళ్ళూ వచ్చారు. మధ్యలో, నీళ్ళలో, మేం ఇద్దరు ఆడవాళ్ళం. రెండు రేకులూ ఎండకు ఎత్తి పట్టుకున్నాం. జీబూసె బాబాయి ముందుకొచ్చి, కళ్ళు చికిలించి, "ఇదిగో, ఇది మా అన్న కొడుకు ఎముక. చూడండి దీని ఠీవి! మావాడి కట్టే వేరు," అని ఒకదాన్ని తట్టాడు.

"పేరు చదువు బాబూ," అంది మాజోండీ.

చదివాడు. న్గుబానే మండ్లకాయీసె. అవతలి ఒడ్డున ఎవడో ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. బాబాయి ముక్కుపొడి డబ్బా తీసి, నాకు కాదు, అవతలి పెద్దాయనకు అందించాడు. కర్రలు ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను, పచ్చివి, ఒకటే పొగ.

క్రిస్మస్ ఆట ఉంటుంది. పెద్దలు తేల్చారు, ఈ ఏడు కాలు నడుము దాటకూడదు, గెలుపు తొక్కిన తొక్కుకు భూమి ఎంత అదిరిందన్న దానిమీదే. గుడ్డివాడు కూడా చెప్పగల తీర్పు అది, చూడటానికి ఏమీ ఉండదు. ఇసుకలో పిల్లలకు కూడా ఇప్పుడు అలాగే చప్పట్లు కొడుతున్నాను, మెల్లగా. వినే ఎముకలు కదా, ఏం చెబుతున్నామో చూసుకోవాలి.

ఒక సంగతి మిగిలింది. ఆ శనివారం ఇంటికి వచ్చి, పోయిన పెద్దలు ఉండే చోట, ఇంటి లోపల వెనక గోడవార ఉమ్సామోలో రేకు నిలబెట్టాను. ధూపం వేశాను. మీ తాతను, మీ నాన్నను పేరుపేరునా పిలిచి, "ఇది మీరిచ్చిన ఎముక, నేను వంచిన ఎముక, కాపాడండి" అని ఏడ్చి చెప్పుకున్నాను. గుండె తేలికైంది. పొద్దున తలుపు తీస్తే ఎండ నేరుగా దానిమీద పడింది. మూలన పేరు కనిపించింది. రేవులో తారుమారయ్యాయి. నేను దండం పెట్టుకున్నది మాజోండీ కొడుకు ఎముకకు.

మార్చి తెద్దామని చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. మన పెద్దలు కాదనలేదు. మన గోడవార, మన పసరపు కొమ్ముల పక్కన, వాడి తుంటి ప్రశాంతంగా ఉంది. చెప్పులు విప్పేశాను.

నీది వాళ్ళ ఉమ్సామోలో ఉంది. మాజోండీకీ తెలిసింది, తనూ మార్చలేదు. రోజూ ధూపం వేస్తోందట. అందుకని నువ్వు సెలవుకు వచ్చినప్పుడు తిన్నగా ఇంటికి రాకు. ముందు ఏరు దాటి, ఆ గుమ్మం బయట నిలబడి బోమ్వూ అని పిలిచి, లోపలికి వెళ్ళి నీ ఎముకను పలకరించి, అప్పుడు రా.

ఆ మొదీసె గారికి నా దండాలు చెప్పు. ఒక కోడిని పంపుతున్నాను, షేజీని దానిమీద కూర్చోవద్దని చెప్పాను.

మీ అత్త,
బాజబులీలె